రాయికోడ్ నుంచి రైలు గేటు దాకా

ఆ ఏడు చలికి మా దారిలోని వాగు గడ్డకడితే, దాని మీదుగా ఫట్‌ఫటీ, అదే మోటారు సైకిల్, నడిపించుకుని ఇవతలి ఒడ్డుకు వచ్చినవాణ్ణి నేను. జహీరాబాద్‌లో ఈ మాట ఎన్నో ఏళ్ళుగా చెబుతున్నాను. నమ్మినవాళ్ళూ ఉన్నారు. నోటితో చెప్పినన్నాళ్ళూ బాగానే ఉండేది గానీ, కాగితం మీద పెట్టి చూస్తే నాకే నవ్వొస్తోంది. వాగు గడ్డకట్టలేదు. పిక్కల దాకా నీళ్ళుంటే పంచె ఎగ్గట్టి, బండిని తోసుకుంటూ దాటాను. గడ్డకట్టింది మా ఇంట్లో గూట్లో ఉన్న కొబ్బరినూనె సీసా ఒక్కటే.

బండి సంగతీ అంతే. ఆఫ్రికా ఎడారిలో ఒక ఇంగ్లీషు జనరల్ తోలిన బండి అని చెప్పుకునేవాణ్ణి. పెద్ద యుద్ధం అయిపోయాక సికింద్రాబాద్‌లో మిలిటరీవాళ్ళు అక్కర తీరిన బండ్లను వేలం వేశారు. అందులో ఒకటి మా మేనమామ కొన్నాడు. ఏ జనరలూ దాని మొహం చూసి ఉండడు. మామది కందులు, పెసలు, పత్తి వ్యాపారం. రాయికోడ్ వైపు, ఝరాసంగం వైపు పల్లెలు తిరిగి పంట ఎట్లా ఉందో చూసి రావడం నా పని. మా నాన్న చిన్నప్పుడే పోవడంతో నేనూ అమ్మా మామ ఇంట్లోనే ఉండేవాళ్ళం. పనీ ఆయనదే, బండీ ఆయనదే, తిండీ ఆయనదే. ఫట్‌ఫటీ మీద కూర్చుని బజారులో తిరిగేటప్పటి ఠీవి మాత్రం నా సొంతం.

బండి వచ్చిన ఎండాకాలమే నాకు పెళ్ళయింది. ఆమెది రాయికోడ్ పక్కనే ఒక పల్లె. వ్యవసాయం చేసుకునే ఇల్లు. అన్నదమ్ములు లేని పిల్ల కాబట్టి తండ్రితో పాటు బండి కట్టేది, ఎడ్లను తోలేది. పగ్గం గుంజకుండా నాలుకతో ఒక చప్పుడు చేస్తే ఎడ్లు మళ్ళేవని వాళ్ళ ఊరివాళ్ళే చెప్పారు. అటువంటి మనిషి మా ఇంటికొచ్చాక నోరు కట్టేసుకుంది. కట్టేసుకోవాలి కూడా. మామ వసారాలో ఉంటాడు, అత్త వంటింట్లో, అమ్మ ఇద్దరికీ మధ్యలో. పెద్దవాళ్ళ ముందు మొగుడితో మాట్లాడే కోడళ్ళు మా ఇళ్ళల్లో లేరు. నాకు చెప్పాల్సింది ఏదన్నా ఉంటే బర్రెతో చెప్పేది.

"నీళ్ళు కాగినయే. తానం చేసేటోళ్ళు లేస్తే బాగుండు," అనేది బర్రె మెడ గోకుతూ.

బర్రె కదిలేది కాదు, నేను లేచేవాణ్ణి.

ఫట్‌ఫటీ మీద మాత్రం ఆమె వేరే మనిషి. వారానికోసారి అంగడికి ముందు రోజు నేను రాయికోడ్ వైపు వెళ్ళేవాణ్ణి. తల్లిని చూసొస్తుందని ఆమెనూ పంపేవాళ్ళు. రాత్రికి అక్కడే ఉండి, తెల్లవారుతుండగా బయలుదేరి, అంగడి మొదలయ్యేసరికి జహీరాబాద్ చేరాలి. మొదటిసారి ఊరి పొలిమేర దాటగానే నా వీపు వెనకనుంచి ఒక గొంతు వచ్చింది. ఉలిక్కిపడ్డాను. అది నా పెళ్ళాం గొంతని పోల్చుకోవడానికి నాకు కొంచెంసేపు పట్టింది.

"జర మెల్లగ తోలు. ఎడ్లు కూడ ఇంతగనం ఉరకవు."

"ఇది ఎడ్లబండి గాదు."

"అందుకే అంటున్న. ఎడ్లకు బుద్ధి ఉంటది. గుంత గనవడితే ఆగుతయ్."

ఆ తర్వాత ఇక ఆగలేదు. మామ తుమ్మితే కందుల ధర దిగుతుందంట కదా అని అడిగింది. మా అత్త రొట్టె కొట్టేటప్పుడు ఎవరిమీద కోపమో ఆ చప్పుడును బట్టి చెప్పొచ్చంది. మా అమ్మ నడకను, మామ దగ్గును అచ్చం దించేసింది. నేను నవ్వి నవ్వి బండిని కందిచేలో దింపాను. చుట్టుపక్కల ఎవరూ లేరు కాబట్టి ఇద్దరం కలిసి దాన్ని బయటికి లాగాం. బురద చేతులతోనే మళ్ళీ ఎక్కాం.

జహీరాబాద్ రైలు గేటు దగ్గర మాటలు ఆగిపోయేవి. ఊళ్ళో మొగుడి వెనక ఆనుకుని కూర్చుని వస్తే మామ పరువు ఏం కావాలి? అందుకని ఆమె గేటు అవతలే దిగి, కొంగు సవరించుకుని, మూట చంకలో పెట్టుకుని నడిచొచ్చేది. నేను ముందు పోయేవాణ్ణి. ఇంట్లోకి వచ్చాక మళ్ళీ బర్రె, వేడినీళ్ళు. నాకున్న కాపురమంతా రాయికోడ్ నుంచి రైలు గేటు దాకానే. మిగతా వారమంతా దానికోసం ఎదురుచూపు.

కార్తీకం పోయి చలి ముదిరింది. ఒకసారి దంతాలు కటకటలాడుతూ ఇంటికొచ్చిన కోడల్ని చూసి అమ్మ కోప్పడింది.

"ఈ చలిల పిల్లను తీస్కపోకురా. జరం వస్తే నువ్వు చేస్తవా, నీ ఫట్‌ఫటీ చేస్తదా?"

"ఇంకోసారి పోయొస్తమే."

"ఏం పోతరు? చలి తగ్గినంక పోండ్రి. వాళ్ళ అమ్మ యాడికన్న పోతదా?"

చలి తగ్గేది శివరాత్రికి. అప్పటిదాకా ఆ దారి లేకపోతే నాకు పెళ్ళాం లేనట్టే. చలి తగలకుండా తీసుకురాగలనని అమ్మకు చూపించాలి, అంతే. ఫట్‌ఫటీ మీద చలిని ఎట్లా ఓడించాలో అంత పట్టుదలగా నేర్చుకున్నవాడు నిజాం రాజ్యంలో ఇంకొకడు ఉండడు. ఇది గొప్ప కాదు. అంత అవసరం ఇంకెవరికీ ఉండి ఉండదు.

బొంబాయి సడక్ మీద చాయ్ హోటల్ దగ్గర లారీలు ఆగేవి. అక్కడ ఒక ముసలి డ్రైవరు ఉండేవాడు. అందరూ ఉస్తాద్ అనేవాళ్ళు. ఆయన్ను అడిగాను.

"బేటా, చలి ఎదురుంగ రాదు. దొంగ లెక్క వస్తది. మెడకెళ్ళి, అంగీ చేతులకెళ్ళి, చెవులకెళ్ళి దూరుతది. అంగీ లోపట అఖ్బార్ కాయితాలు పెట్టు, గాలి ఆగుతది. ముంజేతుల కాడ గుడ్డపీలికలు చుట్టు. చెవులల్ల రూయీ, గదే దూది, పెట్టు, గట్టిగ."

"జర తాగి ఎక్కితే?"

"తాగితే వెచ్చగైనట్టు అనిపిస్తది. అది ఝూట్. వేళ్ళు మొద్దువారి బ్రేకు యాడుందో తెలువది. ఆగి మంట కాచుకో, వేళ్ళు ఆడించు, మళ్ళ ఎక్కు."

"మరి ఎనక కూసునేటోళ్ళకు?"

"ఎనక ఎవరుంటరు నీకు?"

సిగ్గేసి, "జొన్నల మూట," అన్నాను.

ఉస్తాద్ చాయ్ సాసర్‌లో పోసుకుని ఊదుకున్నాడు. "మూటకు చలెందుకైతది బేటా? గొంగడి కప్పు. ఊకుంటది," అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళందరూ నవ్వారు.

ఇదంతా చెప్పి అమ్మను ఒప్పించి ఆ వారం రాయికోడ్ వెళ్ళాం. తిరుగు దారికి ఆయన చెప్పినవన్నీ చేశాను. ఆమెకు మా అత్తగారింటి నల్ల గొంగడి. పాదాలకు తగలకుండా రెండువైపులా గోనెసంచి కట్టాను. పొద్దున్నే బండి స్టార్ట్ కాదు కాబట్టి ప్లగ్గు విప్పి పొయ్యి అంచున వెచ్చబెట్టాను. మా అత్తగారు, అంటే ఆమె తల్లి, దాన్ని చూసి, "రొట్టె పక్కకు ఇదేం వండుతున్నవ్ అల్లుడా?" అని అడిగింది. అట్లా సర్దుకుని ఇద్దరం బయలుదేరాం.

ఇక ఆ తెల్లవారుజాము. పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే బండి ముందు చక్రం కనబడలేదు. లేదు, కనబడింది. దాని ముందు ఒక బారెడు దారి కూడా కనబడింది. అంతకు మించి ఏమీ లేదు. ఛాతీ మీద ఉర్దూ అఖ్బార్, మెడకు మఫ్లర్, దాని మీదుగా చెవుల చుట్టూ తువ్వాలు, చెవుల్లో వేలెడేసి దూది. మా మామ గోదాములో దూదికి కొదువా? ఉస్తాద్ చెప్పినట్టే గట్టిగా కూరాను. చలి తగల్లేదు. నిజంగా తగల్లేదు. నేను రాజులా ఉన్నాను.

కొంచెం దూరం పోయాక మెడ వెనక వెచ్చటి ఊపిరి తగిలింది. ఆమె మాట్లాడుతోంది. నాకు ఇంజను చప్పుడు దూరంగా ఎక్కడో తిరగలి తిరుగుతున్నట్టు వినిపిస్తోంది. అంతే. మాట ఒక్కటీ రాలేదు.

ఆపి దూది తీయొచ్చు కదా అంటారు. ఆ చలిలో బండి ఆగితే మళ్ళీ స్టార్ట్ చేయడం గగనం, అది ఒక కారణం. ఇది నేను అందరికీ చెప్పే కారణం. అసలుది వేరు. పోయిన వారమే ఆమెతో, "నువ్వు ఎనక గుసగుసలాడినా సరే, ఇంజన్ చప్పుడుల నాకు ఒక్కొక్క మాట ఇనవడతది," అని గప్పాలు కొట్టాను. ఆమె నమ్మింది. ఏడు రోజుల్లోనే చెవుల్లో దూది పెట్టుకుని వచ్చానని ఎట్లా చెప్పను? పైగా నాకు చలి తగలడం లేదు. ఆమె మాట్లాడుతూనే ఉంది. ఇద్దరం సుఖంగానే ఉన్నాం అనుకున్నాను.

ఆమె ఊపిరి ఆగినప్పుడల్లా "ఊఁ" అన్నాను. మధ్యలో ఒకసారి భుజం తట్టి ఏదో అడిగింది. "సరే" అన్నాను. మళ్ళీ తట్టింది. "సరే అంటున్న గద," అన్నాను, తల ఊపుతూ.

దారిలో ఒకచోట బండ్లవాళ్ళు మంట వేసుకుని కూర్చున్నారు. ఎడ్ల మెడల్లో గంటలు మోగుతూనే ఉన్నాయట, నాకు వినబడలేదు. మంచులోంచి ఎడ్ల కొమ్ములు మొహం ముందుకు వచ్చాకగానీ బ్రేకు తొక్కలేదు. బండ్లవాళ్ళు నన్ను కడిగేశారు. ఇంజను ఆపకుండానే దిగి, వేళ్ళు కాచుకుంటూ పడ్డాను ఆ తిట్లు. పరాయి మగవాళ్ళు ఉన్నారని ఆమె గొంగడి మొహం మీదికి లాక్కుని దూరంగా నిలబడింది. అక్కడా మాట్లాడుకోవడం కుదరలేదు.

రైలు గేటు దగ్గర దిగింది. నేను తువ్వాలు పైకి నెట్టి, గోక్కుంటున్నట్టు నటిస్తూ ఒక చెవిలో దూది తీశాను. ఆమె గొంగడి మడతపెట్టి బండి మీద వేసి, నా మొహంలోకి చూసింది.

"అయితే రేపేనా?"

ఏది రేపో నాకు తెలియదు. "రేపే," అన్నాను.

ఆమె మొహం వెలిగింది. నేను అంతకుముందు అట్లా చూడలేదు, తర్వాతా చూడలేదు. పిల్లలు పుట్టినప్పుడు సంతోషపడింది, అది వేరే. మూట చంకలో పెట్టుకుని, నడుస్తున్నదో గంతులేస్తున్నదో తెలియనట్టు మంచులోకి వెళ్ళిపోయింది.

మర్నాడు తెల్లవారకముందే ఝరాసంగం వైపు వెళ్ళాల్సి ఉండి కొట్టంలోకి వచ్చాను. బండి పక్కన ఆమె నిలబడి ఉంది. చీరను పొలం పనికి పోయేటప్పటిలా గోచి పెట్టి కట్టింది. పైన నా పాత కోటు తొడుక్కుంది. పాలచెంబు చేతిలో ఉంది గానీ బర్రె వైపు పోవడం లేదు. లోపల అమ్మ చల్ల చిలుకుతున్న చప్పుడు.

నన్ను సాగనంపడానికి వచ్చిందనుకున్నాను. ఎంత మురిసిపోయానో! మురిసిపోయినవాడు నాలుగు మంచి మాటలు చెప్పొచ్చు కదా. అమ్మ వింటుందని గొంతు పెంచి, ఇంటి మగవాడిలా అన్నాను:

"ఈ చలిల ఈడేం జేస్తున్నవ్? లోపటికి వో."

ఆమె కోటు విప్పి బండి సీటు మీద పెట్టి, బర్రె దగ్గరికి వెళ్ళి కూర్చుంది. దానితో కూడా ఏమీ మాట్లాడలేదు.

ఆ తర్వాతి వారం రాయికోడ్ దారిలో వెనకనుంచి ఒక్క మాట రాలేదు. చలి వల్ల నోరు తెరవడం లేదనుకున్నాను. వేయించిన జొన్నలు బట్టలో కట్టి ఒళ్ళో పెట్టుకోమని ఇచ్చాను. గోనెసంచికి ఇంకో పొర వేశాను. సికింద్రాబాద్ నుంచి ఉన్ని మఫ్లర్ తెప్పించాను. ఇచ్చినవన్నీ తీసుకుంది. "చాలు", "వద్దు", "అట్లనే." అంతకు మించి మాట లేదు. నేను చెవుల్లో దూది మానేశాను. చెవులు మండిపోయేవి. మంచుగాలి, ఇంజను చప్పుడు వినుకుంటూ వచ్చేవాణ్ణి.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "ఆ దినం నాతోటి ఏందో అంటివి గద. ఏంది?"

"చెప్పిన గదా. నువ్వు సరే అన్నవ్ గదా."

"అది గాదు, మళ్ళొకసారి..."

"ఏం లేదు. తొవ్వ చూసి తోలు."

నాకు వినబడలేదు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. వెనక్కి పోయింది. ఆ ఒక్క మాట కన్నా వాగు గడ్డకట్టిందని చెప్పడం నాకెప్పుడూ తేలిక.

శివరాత్రి వచ్చింది, చలి పోయింది, మాటలు రాలేదు. "నాకు నడుము నొస్తుంది, ఎడ్లబండి మీదనే పోత," అని ఆమె ఫట్‌ఫటీ ఎక్కడం మానేసింది. అమ్మ సంతోషించింది. ఆ తర్వాతి ఏడు పెట్రోలు దొరక్క, రోజులు బాగాలేక, మామ బండిని ఎవరికో అమ్మేశాడు.

మా కాపురం చెడిపోలేదు. ఆ మాట కూడా చెప్పాలి, లేకపోతే ఇంకో రకం గొప్ప అవుతుంది. పిల్లలు, జ్వరాలు, పెళ్ళిళ్ళు, అన్నీ జరిగాయి. మామ పోయాక వేరే ఇల్లు కట్టుకున్నాం. పెద్దవాళ్ళెవరూ లేరు, ఇక గట్టిగానే మాట్లాడుకునేవాళ్ళం. ఉప్పు అయిపోయిందనో, పైకప్పు కారుతోందనో. మామ తుమ్ము గురించి మాట్లాడిన ఆ పిల్ల మాత్రం మళ్ళీ రాలేదు.

మొన్నటి చలికాలంలో ఒక పొద్దున ఇంటి ముందు ఎండలో కూర్చున్నాం. ఆమె అల్లం మీది మట్టి దులిపి చేటలో వేస్తోంది. పక్కింటివాళ్ళు ఇద్దరు వచ్చి కూర్చుంటే నేను మొదలుపెట్టాను. వాగు, జనరల్, పొగమంచు. మాట మీద మాట వచ్చి, "ఎనక కూసోని ఈమె ఏం మాట్లాడినా, ఆ చప్పుడుల నాకు ప్రతి మాట ఇనవడుతుండె," అన్నాను. వాళ్ళు నవ్వుకుని లేచి వెళ్ళారు.

ఆమె అల్లం దులుపుతూనే, తల ఎత్తకుండా అడిగింది.

"ప్రతి మాటనా?"

ఆ అడిగిన తీరు చూశాక గొప్పలు చాలించాను. అప్పుడు చెప్పాను. ఉస్తాద్, దూది, కొట్టిన గప్పాలు, "ఊఁ" కొట్టడం, అన్నీ. చెప్పడం అయ్యాక ఆమె దులపడం ఆపింది. చేతిలోని అల్లం ముక్కను అటూ ఇటూ తిప్పి చూసింది.

"అంటే నువ్వు ఇననే లేదా?"

"లేదు. ఏమడిగినవ్?"

"ఫట్‌ఫటీ తోలుడు నేర్పమని అడిగిన. పొద్దుగాల మంచుల ఎవరికీ గనవడదు, గేటు అవతల దున్నని పడావు భూముంది గద, ఆడ ఒకసారి తోలి చూస్త అన్న. నువ్వు సరే అన్నవ్. రేపే అన్నవ్." అల్లం ముక్కను చేటలో వేసింది. "తెల్లారి వస్తే లోపటికి వో అంటివి. మీ అమ్మకు భయపడి మాట తప్పినవనుకున్న. భయపడేటోనికి మళ్ళ ఏం చెప్తం, ఏం అడుగుతం అని ఊకున్న."

నేను ఏదో అనబోయాను. ఇప్పుడైనా నేర్పిస్తానని కాబోలు. అంతకు తెగించేవాణ్ణే. ఆమె నా మొహం చూసి, "ఇప్పుడు వద్దు తీ. మోకాళ్ళు లేస్తలేవు," అని నవ్వింది. తర్వాత మెల్లగా అంది:

"అప్పుడే ఇనవడలేదంటే అయిపోవు గద. నేను మళ్ళ అడుగుదును."

చేట తీసుకుని లోపలికి వెళ్ళింది. నేను వెనకాలే వెళ్ళాను. ఇన్నేళ్ళలో మొదటిసారి, దేనికీ గొప్పలు కలపకుండా అడిగాను. "ఆ దినం తొవ్వ పొడుగునా మాట్లాడినవ్ గద. అదొక్కటేనా? ఇంకేం చెప్పినవ్?"

ఆమె నిజంగానే గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. పొయ్యి ముందు నిలబడి, కళ్ళు చిన్నవి చేసి, కొంచెంసేపు.

"శాన చెప్పిన. ఏం చెప్పిన్నో... యాదికి లేదు," అంది.